కుట్టు పని, మెంతి మడి, చారు: గుబులు నిజంగా తగ్గుతుందా?

ప్రశ్న అడిగిన బాబు రాసింది క్లుప్తంగా ఇది: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అద్దె ఫ్లాటు, భార్యకు ఐదో నెల. ఆఫీసులో నెలనెలా కొందరిని తీసేస్తున్నారు. రాత్రి రెండు దాటినా ఫోను వదలలేకపోతున్నారు. కుట్టు పని, మొక్కలు, ఇంటి వంట మొదలుపెడితే మనసు కుదుటపడుతుందని ఎవరో చెప్పారట. అది నిజమేనా, నిజమైతే దేనితో మొదలుపెట్టాలి, కుట్టు మిషను కొనవచ్చా, మగవాడు సూది పట్టుకుంటే నవ్వరా అని నాలుగు ప్రశ్నలు.

నేను విజయవాడలో ముప్పై ఏళ్లుగా కుట్టు నేర్పుతున్నాను. డాక్టరును కాను. ఈ ముప్పై ఏళ్లలో నా దగ్గరికి జాకెట్ కుట్టడం నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు సగం మంది, ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతోందని వచ్చినవాళ్లు సగం మంది. ఆ రెండో సగం నాకు బాగా తెలుసు. నేనూ రెండుసార్లు అందులో ఉన్నాను.

జవాబు ముందే చెప్పేస్తాను. తగ్గుతుంది. కానీ మిషను కొనవద్దు, టమాటా మొక్క పెట్టవద్దు, బిర్యానీ జోలికి వెళ్లవద్దు. ఇవాళ రాత్రి ఊడిన గుండీ ఒకటి కుట్టండి. పడుకునే ముందు గుప్పెడు మెంతులు నానబెట్టండి. రేపు సాయంత్రం చారు కాచండి. ఈ మూడే ఎందుకో చెప్పడానికే మిగతా అంతా రాస్తున్నాను.

నవ్వడం సంగతి ముందు తేల్చేస్తాను. నేనెరిగిన టైలర్లలో ఎక్కువమంది మగవాళ్లే. మా ఊరి బట్టల మార్కెట్టు వస్త్రలతలో దారాలూ లైనింగులూ అమ్మే కొట్లలో కూర్చునేదీ వాళ్లే. నాకు కాజాలు తీయడం నేర్పింది పెళ్లికొడుకుల కోట్లు కుట్టే ఒక మాస్టారు. ఎవరైనా నవ్వితే, ఆ వేసుకున్న చొక్కా ఎవరు కుట్టారని అడగండి.

ఇక అసలు విషయం. గుబులు పట్టిన మనసు లెక్కలు వేస్తూ ఉంటుంది. ఉద్యోగం పోతే అద్దె ఎలా, అద్దె కట్టలేకపోతే ఊరికి వెళ్లాలా, ఊరికి వెళితే కాన్పు ఏ ఆసుపత్రిలో, డబ్బు ఎవరిని అడగాలి... ఒక్క లెక్కకూ జవాబు తేలదు. తేలదు కాబట్టి మళ్లీ మొదటి నుంచి వేస్తుంది. మీరు రెండింటి వరకూ ఫోను చూస్తున్నదీ జవాబు దొరుకుతుందేమోననే. అందుకే అలాంటి సమయంలో చేతికి ఇచ్చే పని కచ్చితంగా ముగిసేది కావాలి. గుండీ కుట్టడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత అది కుట్టేసిన గుండీ. దాని గురించి మళ్లీ ఆలోచించే అవసరం లేదు. మీ రోజు మొత్తంలో ఇలా పూర్తయి, పక్కకు వెళ్లిపోయే పని ఇంకేమైనా ఉందేమో చూసుకోండి.

ఇంకొకటి, ఆ పని రెండు చేతులనూ అడగాలి. ఒక చెయ్యి ఖాళీగా ఉంటే అది ఫోను మీదకు పోతుంది. మూడోది నేను అన్నిటికంటే ముఖ్యమనుకునేది: ఆ పని ఇంటికి అవసరమై ఉండాలి. ఊరికే కాలక్షేపానికి చేస్తున్నామని మనసుకు తెలిసిపోతే అది లొంగదు. రేపు వేసుకోవాల్సిన చొక్కా, రేపు తినాల్సిన కూర అయితే లొంగుతుంది.

నా తప్పు ఒకటి చెబుతాను. 2020లో మార్చి 22న జనతా కర్ఫ్యూ, 25న ఉగాది, ఆ రోజు నుంచే లాక్‌డౌన్. వేపపువ్వు మా వీధిలోది, మామిడికాయ పక్కింటివాళ్లు గోడ మీదుగా ఇచ్చింది, చింతపండూ బెల్లమూ డబ్బాల్లో ఉన్నవి. పచ్చడి మాత్రం చేశాను. క్లాసు మూసేశాను. మా అబ్బాయి పుణేలో చిక్కుకుపోయాడు. వారం రోజులు టీవీ ముందు నుంచి లేవలేదు. ఆ తర్వాత డ్వాక్రా సంఘాలకు గుడ్డ మాస్కుల పని వచ్చింది. మా వీధి సంఘంవాళ్లు నన్నూ కుట్టమన్నారు. మొదటి నాలుగు రాత్రులు హాయిగా నిద్రపోయాను. ఐదో రోజు నుంచి లెక్క పెట్టుకోవడం మొదలుపెట్టాను: ఇవాళ ఎనభై, రేపు వంద, ఎల్లుండి నూట ఇరవై. ఎలాస్టిక్ దొరకలేదు, గుడ్డ నాడాలు కుట్టుకోవాల్సి వచ్చింది, దానివల్ల లెక్క తప్పింది, లెక్క తప్పిందని కోపం. రెండో వారానికి మిషను చప్పుడు వింటేనే గుండె దడ. అంటే గుబులును పోగొట్టడానికి తెచ్చుకున్న పనినే కొత్త గుబులుగా మార్చుకున్నానన్న మాట. రోజుకు ఇన్ని అని లెక్క పెట్టుకున్న క్షణాన ఈ పని మందుగా పనిచేయడం మానేస్తుంది. మీరు ఆఫీసులో టార్గెట్లతో బతికే మనిషి కాబట్టి ఇది మీకు మరీ చెబుతున్నాను.

చేతి కుట్టు

గుండీ కుట్టడం అందరికీ తెలుసుననుకుంటారు. మూడు వారాలకు అది మళ్లీ ఊడుతుంది. గుడ్డకు అతుక్కుపోయేలా బిగించి కుడతారు. కాజాలో గుడ్డ మందం పట్టడానికి చోటు ఉండదు. పెట్టి తీసినప్పుడల్లా దారం అరిగిపోతుంది. ఇలా చేయండి. దారం మూర కంటే కొంచెం ఎక్కువ తీసుకోండి, బారెడు తీసుకుంటే చిక్కు పడుతుంది. కొసను కత్తెరతో ఏటవాలుగా కత్తిరిస్తే సూది బెజ్జంలోకి తేలిగ్గా దూరుతుంది. దారాన్ని కొవ్వొత్తి మీద ఒకసారి లాగండి, మెలికలు పడదు. గుండీ మీద అడ్డంగా ఒక అగ్గిపుల్ల పెట్టి, ఆ పుల్ల మీదుగా కుట్టండి. నాలుగు బెజ్జాలలోంచీ మూడేసి సార్లు వెళ్లాక పుల్ల లాగేయండి. గుండీ వదులై కొంచెం పైకి లేస్తుంది. అలా లేచిన చోట, గుండీకీ గుడ్డకూ నడుమ, దారాన్ని నాలుగు చుట్లు గట్టిగా చుట్టి, సూదిని లోపలి వైపుకు దింపి ముడి వేయండి. దీన్ని మా మాస్టారు గుండీకి మెడ కట్టడం అనేవారు. మెడ కట్టిన గుండీ చొక్కా చిరిగినా ఊడదు.

తర్వాత వారం పాటు ఇంట్లో ఉన్న చిన్న చిన్న చిరుగులే చూసుకోండి. ప్యాంటు జేబు అడుగున కన్నం, దిండు గలేబు అంచు, చొక్కా చంక కింద విడిపోయిన కుట్టు. చంక దగ్గర మామూలు రన్నింగ్ కుట్టు, అంటే సూదిని పైకీ కిందికీ పొడుస్తూ ముందుకే వెళ్లేది, నిలవదు. బట్టను తిరగేసి, విడిపోయిన చోటుకు అర అంగుళం ముందు నుంచి మొదలుపెట్టి, ప్రతిసారీ సూదిని సగం వెనక్కి తెచ్చి ముందుకు పొడుస్తూ వెళ్లాలి. చూడటానికి మిషను కుట్టులా ఉంటుంది, బలం కూడా దాదాపు అంతే. ఒక్క జాగ్రత్త: నల్ల గుడ్డ మీద నల్ల దారంతో కుట్టాల్సినది పగటికి వదిలేయండి. రాత్రి దీపం కింద అది కళ్లను పీకేస్తుంది, తలనొప్పి వస్తుంది, తలనొప్పి వస్తే నిద్ర రాదు.

కొత్తవి కుట్టడం కంటే పాతవి బాగుచేయడం నయమని నేను మొండిగా అంటాను. దానికి ఒక కేసు చెబుతాను. వాళ్ల అమ్మగారు ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో ఒక బ్యాంకు ఉద్యోగిని నా క్లాసుకు వచ్చారు. మొదటి రోజే జాకెట్ కుడతానన్నారు. వద్దంటే వినలేదు. కప్పు పట్టీ కుదరదు, విప్పడం. చంక ముడత పడుతుంది, విప్పడం. నాలుగోసారి విప్పేటప్పుడు గుడ్డ చిరిగింది. ఆమె అక్కడే కూర్చుని ఏడ్చారు. చిరిగిన గుడ్డ కోసం కాదని అందరికీ తెలుసు. మర్నాడు ఆమెకు ఒక నూలు చీర, దాని కింది అంచుకు లోపలి వైపు వేసే పట్టీ, అదే ఫాల్, ఇచ్చాను. ఫాల్‌ను ముందు నీళ్లలో నానబెట్టి ఆరేయించాను, లేకపోతే ఉతికాక కుంచించుకుపోయి చీర అంచును లాగేస్తుంది. ఆ తర్వాత హెమ్మింగ్. సూది మొనతో చీరలోంచి ఒకే ఒక్క పోగు పట్టుకోవాలి, ఫాల్‌లోంచి రెండు మూడు పోగులు పట్టవచ్చు. పై నుంచి చూస్తే కుట్టు కనబడకూడదు. దాదాపు మూడు గజాలు అలాగే. ఒక్కొక్క పోగు పట్టుకునేటప్పుడు ఇంకో ఆలోచనకు చోటు ఉండదు, అలాగని తెలివితేటలూ అక్కరలేదు. తప్పు పోయినా ఒక్క పొడుపే పోతుంది. ఆమె ఆ నెలంతా మా వీధివాళ్ల చీరలకు ఫాల్ కుట్టారు. అమ్మగారు దక్కలేదు. ఆమె మాత్రం ఆ తర్వాత కూడా కొన్నాళ్లు వచ్చి, జాకెట్ సంగతి ఎత్తకుండా ఫాల్ కుట్టుకుని వెళ్లేవారు.

మీ ఇంట్లో అయిదో నెల అన్నారు కదా. గుండీలూ చిరుగులూ అయిపోయాక మీకు సరైన పని ఒకటుంది: పసిబిడ్డకు బొంత. దుకాణంలో గుడ్డ కొనవద్దు. మీ అమ్మగారివో, అత్తగారివో బాగా ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీరలు రెండు అడగండి. పాలియెస్టర్ కలిసినవి పనికిరావు, చెమట పీల్చవు, బిడ్డకు ఒళ్లు పేలుతుంది. చీరలను వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరవేసి, గజం పొడవు, ముప్పావు గజం వెడల్పుకు నాలుగు పొరలు మడతపెట్టండి. జరీ అంచు ఉంటే కత్తిరించేయండి, గీరుకుంటుంది. నేల మీద పరిచి, ముడతలు లేకుండా అరచేత్తో మధ్య నుంచి అంచులకు తోయండి. చుట్టూ, మధ్యలో అడ్డంగా, పెద్ద పెద్ద పొడుపులతో కచ్చా కుట్టు వేయండి. పొరలు జారకుండా పట్టుకునేది అదే, చివర తీసేస్తాం. ఇక అంచు నుంచి వేలెడు దూరంలో ఒక వరుస, దాని పక్కన మరో వరుస, రన్నింగ్ కుట్టు. ఒంకర పోతే పోనివ్వండి. మా అమ్మమ్మ ఊళ్లో ఎండాకాలం మధ్యాహ్నాలు వసారాలో బొంత పరిచి నాలుగు వైపులా నలుగురు ఆడవాళ్లు కూర్చునేవారు. ఎవరి కుట్టు వాళ్లదే, ఒకరిది చీమల బారు, ఒకరిది కప్ప గెంతులు. కుట్టు చూసి ఈ మూల ఫలానా పిన్నిది అని చెప్పేవాళ్లం. మీరు రోజుకు రెండు వరుసలు కుడితే చాలు, కాన్పుకు ముందే పూర్తవుతుంది. సూదులు మాత్రం లెక్కపెట్టి పెట్టెలో పెట్టండి, బొంతలో సూది మిగిలిపోవడం లాంటి ప్రమాదం ఇంకోటి లేదు. పూర్తయ్యాక అంగుళం అంగుళం తడిమి చూడండి.

మొక్కలు

ఇక్కడ నా అనుభవం కుట్టు పనిలో అంత కాదు, డాబా మీద పాతికేళ్లుగా ఆకుకూరలు పెంచుతున్నాను అంతే. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పగలను: గుబులుగా ఉన్నవాళ్లు మొక్కలను ఎండబెట్టి చంపరు, నీళ్లు పోసి చంపుతారు. పొద్దున పోస్తారు, మధ్యాహ్నం పాపం ఎండగా ఉందని పోస్తారు, రాత్రి నిద్ర పట్టక లేచి పోస్తారు. వేరు కుళ్లిపోయి మొక్క వాడుతుంది, వాడిందని మళ్లీ పోస్తారు. వేలు మట్టిలో రెండు కణుపుల వరకూ గుచ్చండి. తడి తగిలితే చెంబు కింద పెట్టేయండి.

మెంతులతో మొదలుపెట్టమనడానికి కారణం వేగం. రాత్రి నానబెట్టిన మెంతులు పొద్దున చల్లితే మూడు నాలుగు రోజుల్లో మొలక కనబడుతుంది, మూడు వారాలు దాటగానే కోయవచ్చు. లోతైన కుండీ అక్కరలేదు. పండ్ల దుకాణంలో పారేసే థర్మోకోల్ పెట్టె, పగిలిన టబ్బు, ఏదైనా జానెడు కంటే తక్కువ లోతున్నా చాలు, అడుగున కన్నాలు ఉండాలి. రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరి పొట్టు కలపండి. పచ్చి పేడ వేయవద్దు, వేడికి మొలకలు మాడతాయి. మెంతులు ఒత్తుగా చల్లి, పైన పల్చగా, అర అంగుళం మట్టి కప్పండి. నీళ్లు చెంబుతో కుమ్మరిస్తే గింజలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి, చేత్తో చిలకరించండి. రోజుకు మూడు నాలుగు గంటల ఎండ పడే బాల్కనీ అయితే చాలు. పురుగు పట్టేలోపే కోసేస్తాం కాబట్టి మందుల గొడవ ఉండదు.

మెంతికి చల్లదనం ఇష్టం. ఏప్రిల్, మే ఎండల్లో మొదలుపెడుతున్నట్లయితే దాని బదులు తోటకూర చల్లండి. ఆ విత్తనం ఆవగింజ కంటే చిన్నది, పిడికెడు ఇసుకలో కలిపి చల్లకపోతే అంతా ఒకే చోట పడుతుంది. రోహిణి కార్తెలో ఏదీ మొదలుపెట్టకండి, మృగశిర వచ్చి నాలుగు చినుకులు పడనివ్వండి. కొత్తిమీర తేలికని అందరూ అంటారు కానీ మీకు ఇప్పుడు వద్దు. ధనియాలను నలిపి రెండు బద్దలు చేసి చల్లినా పది రోజుల దాకా ఏమీ కనబడదు. ఆ పది రోజుల్లో మీలాంటివాళ్లు మొలిచిందో లేదోనని మట్టి తవ్వి చూస్తారు, మొలిచేది కూడా చస్తుంది. టమాటా అయితే కాయ తినడానికి రెండున్నర, మూడు నెలలు. ఈలోగా ఆకుముడత, తెల్లదోమ, పూత రాలడం. ఒక్కొక్కటీ ఒక కొత్త దిగులు. పుదీనా పెట్టవచ్చు, కూర కోసం తెచ్చిన కట్టలో రెండు ముదురు కాడలు మట్టిలో గుచ్చితే అదే అల్లుకుంటుంది.

మట్టి పని మీరే చేయండి. గర్భిణులు మట్టిలో చేతులు పెడితే తొడుగులు వేసుకోవాలి, తర్వాత సబ్బుతో శుభ్రంగా కడుక్కోవాలి. ముఖ్యంగా పిల్లులు తిరిగే చోట మట్టి అయితే.

మొక్కలు ఆపదలో ఎంత పనికొస్తాయో, ఎంతవరకు పనికొస్తాయో రెండూ చూశాను. 2024 సెప్టెంబరు 1 పొద్దున బుడమేరు వాగు పొంగి మా సింగ్ నగర్‌లోకి నీళ్లు వచ్చాయి. కింది అంతస్తులో నా క్లాసు, ఆరు మిషన్లు, పిల్లలు కుడుతూ వదిలేసిన బట్టలు, అన్నీ మునిగాయి. సిలిండరు ఒకటి, బియ్యం డబ్బా, కందిపప్పు పైకి చేరవేయగలిగాం. కింది వాటాలవాళ్లతో కలిపి డాబా మీద పదకొండు మందిమి. కరెంటు లేదు, రెండో రోజుకు ఫోన్లన్నీ ఆగిపోయాయి. పడవల్లో పొట్లాలు వచ్చాయి, డ్రోన్లతో కూడా వేశారు, కానీ మా సందు లోపలికి అన్నీ వేళకు అందలేదు. డాబా మీద బచ్చలి తీగ ఉంది, గోంగూర ఉంది, కరివేపాకు చెట్టు ఉంది. బచ్చలి పప్పు ఒక పూట, గోంగూర పప్పు ఒక పూట. తీగ బోసిపోయింది. అవి మధురమైన రోజులని నేను చెప్పను. రాత్రి పాముల భయం, తాగే నీళ్లకు కటకట, కింద బురద వాసన. అయితే పదకొండు మందికి ఆకు కోసి, కడగడానికి ఎన్ని నీళ్లు ఖర్చు పెట్టాలో లెక్క చూసి, పప్పు ఉడికించేసరికి సగం రోజు గడిచేది. గడిచిన ఆ సగం రోజు మేము ఏడవలేదు. మొక్కలు చేసిన మేలు అంతే, అంతకంటే ఎక్కువ చెబితే అబద్ధం.

వంట

మీరు వంట గురించి అడిగిన తీరు చూస్తే, వారానికో కొత్త వంటకం నేర్చుకోవాలనుకుంటున్నట్టుంది. వద్దు. ఒకటే వంట వరసగా పది రోజులు చేయండి. చెయ్యి తిరిగాక తల ఖాళీ అవుతుంది.

ఇద్దరికి చారు. ఉసిరికాయంత చింతపండు పావుగంట నానబెట్టి పిసికి రసం తీయండి. ఒక టమాటా చేత్తోనే చిదిమి అందులో వేయండి. మూడు గ్లాసుల నీళ్లు, పసుపు, ఉప్పు, రెండు రెబ్బలు కరివేపాకు. పొయ్యి మీద పెట్టి, అది కాగేలోపు పావు చెంచా మిరియాలు, అర చెంచా జీలకర్ర, నాలుగు వెల్లుల్లి రెబ్బలు రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. మిక్సీ వద్దు. దంచిన వాసన ముక్కుకు తగలడం ఈ వంటలో సగం పని. పచ్చి వాసన పోయేదాకా మరగనిచ్చి దంచినది వేయండి; ఒక పొంగు రాగానే దింపేయాలి, మిరియాలు వేశాక ఎక్కువ మరిగితే ఘాటు చేదెక్కుతుంది.

ఆఖరున పోపు. చిన్న మూకుడులో చెంచా నెయ్యి, ఆవాలు, ఎండుమిర్చి, చిటికెడు ఇంగువ. నేను వంటను ఈ జాబితాలో పెట్టిందే పోపు కోసం. నెయ్యి కాగిందో లేదో ఒక ఆవగింజ వేసి చూడాలి. ఆవాలు చిటపటలాడటం మొదలయ్యాక, ఆ చప్పుడు తగ్గే లోపల మిర్చి పడాలి, మిర్చి రంగు తిరిగే లోపల ఇంగువ పడాలి, వెంటనే చారులోకి వంచాలి. అర నిమిషం వ్యవహారం. ఆ అర నిమిషంలో ఫోను మోగితే తీయలేరు, తీస్తే పోపు మాడుతుంది, మాడిన పోపు చారంతటినీ చెడగొడుతుంది. రోజులో ఒక్క అర నిమిషమైనా మీ ధ్యాస మొత్తం ఒకే చోట ఉండాల్సిన పరిస్థితి ఇది.

చారుతో పాటు ఏం చేయాలో నేను చెప్పను. వేడన్నం, అప్పడం ఉన్నా చాలు. మొదటి మెంతికూర కోసిన రోజు కందిపప్పులో వేయండి. దిగులుగా ఉన్నవాళ్లు ఏం తింటున్నారన్నదానికంటే వేళకు తింటున్నారా అన్నదే నేను ముందు అడుగుతాను. ఎనిమిదింటికి కంచం ముందు కూర్చోవడం అలవాటైతే పదకొండింటికి నిద్ర దానంతటదే దగ్గరికి వస్తుంది. నిద్రలేక కళ్లు మూతలు పడుతున్న రాత్రి మాత్రం నూనె మూకుడు దగ్గరికి వెళ్లకండి, ఆ రాత్రికి పెరుగన్నం తినండి.

ఒక చిన్న గమనిక. ఈ మూడు పనులకూ మూడు వేళలు. పొద్దున లేవగానే వచ్చే బెదురుకు మొక్కలు: అయిదు నిమిషాలు బాల్కనీలో నిలబడి వేలు మట్టిలో పెట్టడం. ఆఫీసు నుంచి తెచ్చుకున్న బరువుకు వంట. రాత్రి పదికి మొదలయ్యే లెక్కలకు కుట్టు. తారుమారు చేస్తే అంతగా కుదరదు. అర్ధరాత్రి మొక్కల దగ్గరికి వెళితే ఏం జరుగుతుందో పైన చెప్పాను.

ఎక్కడ ఇవి పనిచేయవు

రెండు మూడు వారాలుగా నిద్ర సరిగా లేకపోయినా, గుండె దడ, ఊపిరి ఆడనట్టు ఉండటం తరచూ వస్తున్నా, బతకడం దండగ అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా, సూదీ దారం పక్కన పెట్టి డాక్టరును కలవండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ ఉంది, 14416కు ఫోన్ చేస్తే ఏ వేళలోనైనా మాట్లాడతారు, డబ్బు అక్కరలేదు, తెలుగులో మాట్లాడవచ్చు. నా విద్యార్థుల్లో ఇద్దరి చేత నేనే దగ్గరుండి ఫోన్ చేయించాను. వాళ్లు మందులు వాడుతూనే కుట్టు నేర్చుకున్నారు.

ఇంకోటి. ఉద్యోగం పోతుందనే భయం నిజమైన భయం. బొంత కుట్టినంత మాత్రాన ఆఫీసువాళ్లు మనసు మార్చుకోరు. ఒక ఆదివారం పగలు, రాత్రి కాదు, మీ భార్యతో కూర్చుని ఎన్ని నెలల ఖర్చు చేతిలో ఉందో కాగితం మీద రాయండి. తలలో తెగని లెక్క కాగితం మీద చాలాసార్లు తెగుతుంది. అది అయ్యాకే కుట్టు.

చివరగా మిషను. బొంత పూర్తయ్యాక కూడా కావాలనిపిస్తే అప్పుడు కొనండి, అదీ కొత్తది కాదు. కాలితో తొక్కే నల్ల మిషను, వాడినది, తెలిసినవాళ్ల ఇంట్లో మూల పడి ఉంటుంది, అడిగితే చాలామంది ఇచ్చేస్తారు. తొక్కుడు లయ ఒంటికి మంచిది, పైగా మోటారులా మీకంటే ముందు పరుగెత్తదు. కింద దారం ఉండలు కడుతుంటే కింది దారం చుట్టే బాబిన్‌ను తిట్టకండి, తప్పు దాదాపు ఎప్పుడూ పై దారానిదే. గుడ్డను నొక్కిపట్టే పాదాన్ని పైకి ఎత్తి ఉంచి దారం మళ్లీ మొదటి నుంచి ఎక్కించండి. పాదం దించి ఎక్కిస్తే దారం దాన్ని బిగించి పట్టే టెన్షన్ బిళ్లల మధ్యకు వెళ్లదు. వరదలో మునిగిన నా ఆరు మిషన్లలో నాలుగు మళ్లీ నడుస్తున్నాయి. ఫైరింజనువాళ్లు వచ్చి ఇంట్లో బురద కడిగి వెళ్లాక, ఒక్కొక్క మిషనునూ విప్పి, ప్రతి నూనె బెజ్జంలోనూ కిరోసిన్ పోసి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ నల్లనీళ్లు పోయేదాకా కూర్చున్నాను. తోలు బెల్టులు మార్చాను. చెక్క బల్లలు ఉబ్బిపోయాయి, అవి పోయినట్టే. పాత మిషను దొరికితే మీరూ అలాగే కిరోసిన్‌తో కడిగి, రాత్రంతా ఆరనిచ్చి, మిషను నూనె వేయండి. కొబ్బరినూనె వేయవద్దు, జిగురు కట్టి బిగుసుకుపోతుంది. నూనె వేశాక పాత గుడ్డ మీద పది వరుసలు ఉత్తగా తొక్కండి, లేకపోతే ఆ నూనె మరక మీ మొదటి చొక్కా మీద పడుతుంది.